పై నుంచి దిగే 15 శాతం, చేలో తూగే మూడు కిలోలు

ఉరవకొండ వైపు నల్లరేగడి చేలల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో పప్పుశనగ కోతకొస్తుంది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున నా పాత విద్యార్థిని వెంట ఒక చేనికి వెళ్లాను. అనంతపురంలో డిగ్రీలో నా దగ్గర ఎకనామిక్స్ చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు గణాంక శాఖలో మండల స్థాయిలో పనిచేస్తోంది. ఆ రోజు తన డ్యూటీ పంట కోత ప్రయోగం. ఏ సర్వే నంబరులో కోయాలో ముందే లాటరీ తీసినట్టు తేలిపోయి ఉంటుంది. చేనులో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు నడిచి ఆగాలో కూడా చేతిలోని కాగితమే చెబుతుంది. బాగా కాసిన చోటునో, ఎండిపోయిన చోటునో మనిషి ఏరుకోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. అడుగులు లెక్కపెట్టి, టేపు పరిచి, ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పుతో నాలుగు మేకులు దిగ్గొట్టి తాడు కట్టింది. లోపలి మొక్కలన్నీ పీకి, పట్ట మీద కొట్టి, చేటతో చెరిగి తూకం వేశారు. మూడు కిలోలకు కాస్త తక్కువ తూగాయి.

ఆ 25 చదరపు మీటర్లను 400తో హెచ్చిస్తే ఒక హెక్టారు. అంటే తక్కెడలో వంద గ్రాములు తేడా వస్తే కాగితం మీద హెక్టారుకు 40 కిలోల తేడా. ఇలాంటి తూకాలన్నీ కలిపితే సగటు దిగుబడి వస్తుంది. దాన్ని సాగు విస్తీర్ణంతో, ధరతో హెచ్చించి, విత్తనం, ఎరువు లాంటి ఖర్చులు తీసేస్తే, జిల్లా స్థూల ఉత్పత్తిలో, అంటే జిల్లా జీడీపీలో, ఆ పంట వాటా తేలుతుంది.

రైతు పక్కనే నిలబడి అంతా చూస్తున్నాడు. తూకం అయ్యాక అన్నాడు: "మేడం, తక్కువొచ్చింటే తక్కువే రాయండి. ఇన్సూరెన్సన్నా వస్తాది." ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. దిగుబడిని బట్టి బీమా చెల్లించే పంటలకు పరిహారం తేలేది ఇలాంటి ప్రయోగాలతోనే. తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగాం. గ్లాసు చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి అంది: "సార్, రైతులు తక్కువ రావాలని చూస్తారు. మీటింగ్‌లోనేమో మీ మండలం గ్రోత్ ఎందుకు పడిపోయిందని అడుగుతారు. అవే మూడు కిలోల శనగలు సార్, ఇద్దరూ చెరోవైపు లాగుతారు."

ముప్పై ఏళ్లు జీడీపీ పాఠం చెప్పినవాణ్ణి. ఈ సంగతి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

మన రాష్ట్రంలో పైవైపు నుంచి లాగే తాడు ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు. 2024 డిసెంబరులో విడుదలైన స్వర్ణాంధ్ర 2047 పత్రం ఏటా 15 శాతం వృద్ధిని లక్ష్యంగా పెట్టుకుంది. 2047 నాటికి తలసరి ఆదాయం 42 వేల డాలర్లకు చేరాలన్నది అందులోని మాట. ఏటా 15 శాతం అంటే ఐదేళ్లకు రెట్టింపు. ఆ అంకె సచివాలయంలో ఆగదు. కలెక్టర్ల సదస్సులో జిల్లాలకు దిగుతుంది, జిల్లా రివ్యూలో శాఖలకు, మండలాలకు దిగుతుంది. పశుసంవర్ధక శాఖకు ఇంత, ఉద్యానానికి ఇంత, పరిశ్రమలకు ఇంత.

ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. ఆ 15 శాతం ప్రస్తుత ధరల్లో లెక్క, అంటే ధరల పెరుగుదల కూడా అందులో కలిసే ఉంటుంది. అనంతపురం పక్కన కక్కలపల్లి టమాటా మార్కెట్ తీసుకోండి. నిరుడు ఎన్ని పెట్టెలు వచ్చాయో ఈ ఏడూ అన్నే వచ్చి, సగటు ధర మాత్రం పెరిగిందనుకుందాం. ఒక్క కాయ కూడా ఎక్కువ పండలేదు, అయినా ప్రస్తుత ధరల లెక్కలో ఉద్యానం వృద్ధి చూపిస్తుంది. మరుసటి ఏడు ధర పడిపోతే, పంట పెరిగినా వృద్ధి తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ఏడు రివ్యూలో నిలబడి సంజాయిషీ ఇచ్చుకునే ఉద్యానాధికారికి టమాటా ధర మీద ఏ అధికారం ఉంది?

అయినా ప్రభుత్వాలు ఈ పద్ధతిని ఎందుకు వదలవు? పైన కూర్చున్నవాళ్ల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. కళ్యాణదుర్గంలో తహసీల్దారు రోజంతా ఏం చేశాడో అమరావతి నుంచి కనబడదు. ఫైలు కదిపాడా, తొక్కిపెట్టాడా, ఫ్యాక్టరీ పెడతానని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాడా, పదిసార్లు తిప్పాడా, ఇవేవీ తెలియవు. పని కనబడనప్పుడు ఫలితాన్ని అడగడమే దారి. ఫలితాలు వంద రకాలు ఉంటాయి కాబట్టి అన్నింటినీ కలిపి ఒక్క అంకెగా చూపించేదాన్ని వెతుక్కుంటారు. జీడీపీ కన్నా అందుకు అనువైనది మరొకటి దొరకదు. సంవత్సరానికి ఒకసారి వస్తుంది, ఒక జిల్లాను ఇంకో జిల్లాతో పోల్చవచ్చు, పేపర్లో వేయవచ్చు.

ఈ పద్ధతిని ప్రపంచంలో అందరికన్నా గట్టిగా నడిపింది చైనా. 1982లో అక్కడి కమ్యూనిస్టు పార్టీ మహాసభ, 2000 నాటికి దేశ వ్యవసాయ, పారిశ్రామిక ఉత్పత్తిని 1980తో పోలిస్తే నాలుగింతలు చేయాలని ప్రకటించింది. 1984 నుంచి ఒక్కో స్థాయి నాయకత్వం తన కింద ఉన్న ఒక్క స్థాయి అధికారులను తానే నియమించుకునే పద్ధతి పెట్టారు. రాష్ట్రం తన కింది ప్రిఫెక్చర్ల (మన జిల్లాల్లాంటివి) అధికారులను నియమిస్తుంది, ప్రిఫెక్చర్ తన కింది కౌంటీల వాళ్లను. ఏటా మొదట్లో కింది అధికారి పైవాళ్లకు లక్ష్యాల పత్రం మీద సంతకం చేసి ఇస్తాడు, ఏడాది చివర మార్కులు పడతాయి. అందులో కొన్ని లక్ష్యాలు ఎంత కఠినమైనవంటే, జనన నియంత్రణ, శాంతిభద్రతల్లాంటి వాటిలో ఒక్కదాంట్లో తప్పితే మిగతా మార్కులన్నీ రద్దయిపోయేవి. మిగతావాటిలో వృద్ధిదే పెద్దపీట.

దీన్ని ఆర్థికవేత్తలు ప్రమోషన్ టోర్నమెంట్ అన్నారు. మన ఊళ్లో కబడ్డీ పోటీల్లాగానే, ఇక్కడ నువ్వు ఎంత బాగా ఆడావన్నది కాక ఎవరి మీద గెలిచావన్నది లెక్క. హోంగ్‌బిన్ లీ, లీ-ఆన్ జౌ 2005లో ప్రచురించిన పరిశోధనలో, తమ హయాంలో వృద్ధి బాగా చూపిన రాష్ట్ర నాయకులకు ప్రమోషన్ అవకాశం ఎక్కువగా, పదవి పోయే ప్రమాదం తక్కువగా ఉన్నట్టు తేల్చారు. తరువాత వచ్చిన కొన్ని పరిశోధనలు దీన్ని ఒప్పుకోలేదు. పై స్థాయిల్లో పలుకుబడి, పరిచయాలే ఎక్కువ పనిచేశాయనీ, పనితీరు లెక్కలోకి వచ్చింది కౌంటీ లాంటి కింది స్థాయిల్లోననీ అవి చెబుతున్నాయి. నాకు ఈ రెండో మాటే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది.

ఏదేమైనా అక్కడి కౌంటీ పార్టీ కార్యదర్శి చేతిలో నిజంగా సరుకుంది. భూమి ఆయన చేతిలో ఉంది. 1994 పన్నుల సంస్కరణ తర్వాత స్థానిక ప్రభుత్వాలు భూమి లీజుల ఆదాయం మీదే ఎక్కువ ఆధారపడ్డాయి. బ్యాంకు అప్పు ఇప్పించగలడు, రోడ్డు వేయించగలడు, ఫ్యాక్టరీకి నెల తిరక్కుండా అనుమతి ఇవ్వగలడు. లక్ష్యం ఆయన మీద పెడితే అందుకోవడానికి చేతులున్నాయి. పక్క కౌంటీ కన్నా ముందుండాలన్న తపనతో ఆయన పరుగెత్తాడు, దేశం కూడా ఆ పరుగుతో లాభపడింది. దాన్ని కాదనలేం.

చెడిందెక్కడంటే, లక్ష్యం కిందికి దిగేకొద్దీ బరువెక్కడం దగ్గర. 2011-15 ప్రణాళికలో జాతీయ లక్ష్యం ఏటా 7 శాతం. చాలా రాష్ట్రాలు తమకు తాము పెట్టుకున్నది 10 శాతం, అంతకన్నా ఎక్కువ. పైవాడు 7 అడిగితే నేను 10 చూపిస్తానని ఒకరు, నా కింద ఎవరో తప్పినా గండం గట్టెక్కాలని ఇంకొకరు. చైనీయులకు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, పొరపొరకూ బరువు పెంచడమని దాని అర్థం. అట్టడుగున ఉన్నవాడి మీదికి వచ్చేసరికి ఆ బరువు మోయగలిగింది కాకుండా పోతుంది. మోయలేని బరువు మోస్తున్నట్టు చూపించడమే అప్పుడు మిగిలే దారి.

అన్ని రాష్ట్రాలూ చెప్పిన జీడీపీలు కూడితే వచ్చే మొత్తం, దేశ జీడీపీ కన్నా ఎక్కువ కావడం అక్కడ ఏళ్ల తరబడి జరిగింది. తరువాత ప్రధాని అయిన లీ కెచియాంగ్, 2007లో లియావోనింగ్ రాష్ట్ర పార్టీ కార్యదర్శిగా ఉన్నప్పుడు, తమ జీడీపీ అంకెలు మనుషులు తయారు చేసినవేననీ, తాను మాత్రం కరెంటు వాడకం, రైళ్లలో వెళ్లే సరుకు, బ్యాంకు అప్పులు చూస్తాననీ అమెరికా రాయబారితో అన్నట్టు తరువాత బయటపడ్డ దౌత్యపత్రాల్లో ఉంది. పదేళ్లకు, 2017 జనవరిలో, అదే లియావోనింగ్ గవర్నరు 2011 నుంచి 2014 దాకా తమ రాష్ట్ర ఆర్థిక లెక్కలు తప్పుడువని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు ఇన్నర్ మంగోలియా కూడా ఒప్పుకుంది. 2013 చివరలోనే పార్టీ, అధికారులను ఒక్క జీడీపీతో కొలవవద్దని ఆదేశాలిచ్చింది. 2015లో షాంఘై వృద్ధి లక్ష్యం ప్రకటించడమే మానేసింది.

ఇదంతా చదివినప్పుడు నా మనసు మళ్లీ ఉరవకొండ చేనులోని తక్కెడ దగ్గరికే వెళ్తుంది. ఎందుకంటే చైనాలో అన్నింటికన్నా ఘోరమైన తప్పు పంట తూకం దగ్గరే జరిగింది. 1958లో గ్రేట్ లీప్ ఫార్వర్డ్ పేరుతో దిగుబడి లక్ష్యాలు ఆకాశానికి ఎత్తారు. ఒక కమ్యూన్ (ఊళ్లను కలిపి పెట్టిన ఉమ్మడి సాగు సంఘం) ఇంత పండించామంటే పక్క కమ్యూన్ దానికి రెట్టింపు చెప్పింది. తక్కువ చెప్పినవాడు విప్లవ వ్యతిరేకి అయ్యాడు. పండని ధాన్యం పుస్తకాల్లో పండింది. ప్రభుత్వం ఆ పుస్తకాలను చూసి తన వాటా ధాన్యం తీసుకెళ్లింది. పల్లెల్లో గింజలు మిగల్లేదు. 1961 దాకా సాగిన ఆ కరువులో కోట్ల మంది చనిపోయారు. కరువు అంటే ఏమిటో రాయలసీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ వాన లేక వచ్చే కరువు వేరు. అక్కడ జనాన్ని చంపిన కారణాల్లో తప్పుడు తూకం ఒకటి.

మన దగ్గర ఆ స్థాయి ప్రమాదం లేదు. పత్రికలున్నాయి, ఎన్నికలున్నాయి, రైతు నోరు విప్పి తక్కువే రాయమని అడగగలడు. కానీ మన ఇబ్బంది ఇంకో రకం. లక్ష్యం ఉంది, అందుకోవడానికి చేతుల్లేవు. ఐఏఎస్ అధికారికి ప్రమోషన్ చాలా వరకు సర్వీసు ఏళ్లను బట్టి వస్తుంది, జిల్లా వృద్ధి రేటును బట్టి రాదు. బహుమానమైనా శిక్షయినా పోస్టింగ్ రూపంలోనే. మంచి జిల్లా, మంచి శాఖ, లేదా ఏ ప్రాధాన్యమూ లేని సీటు. కలెక్టరు ఒకే జిల్లాలో రెండేళ్లు ఉంటే ఎక్కువ. హంద్రీ-నీవా నీళ్లు శ్రీశైలం వెనుక జలాల నుంచి జీడిపల్లి రిజర్వాయరుకు చేరేలోపు ఎందరు కలెక్టర్లు వచ్చి వెళ్లారో! ఆ కాలువ వల్ల పెరిగిన చీనీ, అరటి తోటల వృద్ధి చివరికి ఎవరి హయాంలో పడిందో వాళ్ల ఖాతాలోకి వెళ్లింది.

కొరియా కార్ల కంపెనీ కియా కథ దీన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. 2017లో ఒప్పందమైంది, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో ప్లాంటు కట్టారు. 2019లో కార్లు బయటికొచ్చాయి. అప్పటికి అది అనంతపురం జిల్లా. కార్లు కదిలేకొద్దీ జిల్లా పారిశ్రామిక ఉత్పత్తి అంకె పైకి లేవాల్సిందే. ఆ అంకె కోసం పెనుకొండ పక్క మండలాల్లోని వ్యవసాయాధికారో పశువైద్యుడో చేసిందేమీ లేదు. తరువాత 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. పెనుకొండ పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడ్డ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఒక్క గీతతో ఆ ఉత్పత్తి అంతా ఒక కలెక్టరు లెక్క నుంచి ఇంకో కలెక్టరు లెక్కలోకి మారిపోయింది. ప్లాంటు అంగుళం కదల్లేదు.

జిల్లా తలసరి ఆదాయం అన్న మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలి. ఫ్యాక్టరీలో జోడయిన విలువ, అందులోని లాభంతో సహా, ఆ ఫ్యాక్టరీ ఉన్న జిల్లా లెక్కలో పడుతుంది. ఆ లాభం తరువాత ఎక్కడికి వెళ్లిందన్నది ఈ లెక్క అడగదు. దాన్ని జిల్లా జనాభాతో భాగిస్తే తలసరి అంకె పెరుగుతుంది, రొద్దంలో వేరుశనగ వేసిన మనిషి జేబులో మాత్రం పెరగక్కర్లేదు. ఇక రైల్వేలు, బ్యాంకుల్లాంటి వాటికి జిల్లా లెక్క నేరుగా కట్టడం కష్టం. పై స్థాయి మొత్తాన్ని ఏదో ఒక సూచికను బట్టి జిల్లాలకు పంచుతారు. అలా పంచిన అంకెలో కింది ఉద్యోగి చేసిన పని ఎంతో వెతకడం వ్యర్థ ప్రయాస.

పోల్చడంలోనూ న్యాయం ఉండాలి. అనంతపురంలో సగటు వాన ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ నమ్మకంగా పడదు. చేపల చెరువులు, డెల్టా కాలువలు ఉన్న పశ్చిమ గోదావరి పక్కన ఈ జిల్లాను నిలబెట్టి ర్యాంకు ఇస్తే, ఆ ర్యాంకు కలెక్టరు పనితీరును చెప్పదు, మేఘాలను చెబుతుంది. టోర్నమెంట్ సిద్ధాంతంలోని అసలు తెలివి ఏమిటంటే, ఒకే కష్టం పడ్డవాళ్లను ఒకరితో ఒకరిని పోల్చడం. అనంతపురాన్ని శ్రీసత్యసాయితో, ఆలూరు, పత్తికొండల కర్నూలుతో పోల్చండి. అందరి మీదా ఒకే ఎండ కాసింది కాబట్టి, ఆ ఎండను తీసేశాక మిగిలే తేడాలోనే మనిషి పని ఉంటుంది.

ఈ విషయంలో కడపలో జరిగింది కొంత మెరుగు. వెనుకబడిన జిల్లాల కోసం 2018 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో దేశంలోని 112 జిల్లాల్లో కడప ఒకటి. అక్కడ జీడీపీ అడగలేదు. 49 సూచికలు పెట్టారు. ఆరోగ్యం, పోషణకు 30 శాతం, చదువుకు 30, వ్యవసాయం, నీటి వనరులకు 20, ఆర్థిక సేవలు, నైపుణ్యాలకు 10, మౌలిక వసతులకు 10. ఆసుపత్రి కాన్పులెన్ని, అంగన్‌వాడీలో పిల్లల బరువు తూచారా, బడిలో కరెంటుందా, ఇలాంటివి. పైగా ర్యాంకు ఇచ్చేది ఎక్కడున్నావని చూసి కాదు, పోయిన నెల నుంచి ఎంత జరిగావని చూసి. ఒక ఏఎన్ఎం ఊరంతా తిరిగితే గర్భిణుల నమోదు పెరుగుతుంది. తన కష్టానికీ ఆ అంకెకూ మధ్య టమాటా ధర లేదు, కొరియా కంపెనీ లేదు. జిల్లాలు తమంతట తాము ఇచ్చిన అంకెలను బయటి సంస్థల సర్వేతో సరిచూసే ఏర్పాటు కూడా పెట్టారు. నాకు ఇందులో నచ్చింది అదే.

అయితే చేతికి అందే లక్ష్యమైనంత మాత్రాన మంచిదైపోదు. ఎమర్జెన్సీలో ఏమైందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1976-77లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు కోటాలు పెట్టి కిందికి దింపారు. ఉత్తరాదిలో టీచర్లు, రెవెన్యూ సిబ్బంది కూడా కేసులు తేవాల్సి వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎన్నో బలవంతంగా. అక్కడ అంకె అబద్ధం కాదు. అంకె నిజం, దాని కింద నలిగింది మనుషులు. ఆ టార్గెట్ల పద్ధతిని కేంద్రం అధికారికంగా ఎత్తేయడానికి 1996 దాకా పట్టింది.

చిన్న ఉదాహరణ ఒకటి మా బంధువుల ఊరిది. కొన్నేళ్ల క్రితం ఫారంపాండ్లు, అంటే చేలల్లో వాన నీటి గుంతలు, తవ్వే హడావుడి నడిచింది. రోజూ సాయంత్రం ఎన్ని గుంతలయ్యాయో పైకి చెప్పాలి. మా బావమరిది చేను గట్టు పక్క మెరకలో ఉంటుంది, వాన నీళ్లు అటు రావు. అయినా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు కాబట్టి గుంత అక్కడే తవ్వారు. కింద వంక పక్క నీళ్లు నిలిచే చేను రైతును ఒప్పించాలంటే నాలుగు సార్లు తిరగాలి. తిరిగే టైం ఎవరికుంది? అదీ ఒక గుంతే, ఇదీ ఒక గుంతే. లెక్కలో రెండూ సమానం. ఇప్పుడు ఆ మెరక గుంతలో సర్కారు తుమ్మ మొలిచింది. ఎన్ని తవ్వారని అడగకుండా, వాన వెళ్లిన రెండు నెలలకు ఎన్నింటిలో నీళ్లున్నాయని అడిగి ఉంటే ఆ ఫీల్డ్ సిబ్బంది వంక పక్కకే నడిచేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, సాయంత్రం ఏ అంకె అడుగుతారో దానికోసమే పనిచేశారు.

అందుకే ఈ ప్రాంతంలో వృద్ధికి గుర్తుగా ఒక్కటి ఎంచుకోమంటే నేను భూగర్భ జలమట్టాన్ని ఎంచుకుంటాను. ఫీజోమీటరు బోరులో నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో పరికరం దానంతట అది నమోదు చేస్తుంది. వానను లెక్కలోంచి తీసేసి, పక్క మండలంతో పోల్చి చూస్తే, ఎవరు వాగుల మీద కట్టలు నిలబెట్టారో, ఎవరు బోర్లను అదుపులో పెట్టారో తెలుస్తుంది. మండల ఉద్యోగి బతిమాలినా, బెదిరించినా ఆ నీళ్లు పైకి రావు.

కొలిచేవాళ్లెవరన్నదే చివరికి తేలాల్సిన సంగతి. చైనా తన రాష్ట్రాల జీడీపీ లెక్కను వాటి చేతుల్లోంచి తీసేసి, 2019 లెక్కల నుంచి జాతీయ గణాంక సంస్థకే అప్పగించింది. మన దగ్గర జిల్లా లెక్కలు చూసే ముఖ్య ప్రణాళికాధికారి, అంటే సీపీఓ, కలెక్టరేట్‌లో కలెక్టరుతోనే పనిచేస్తాడు, ఆయన పెట్టే రివ్యూల్లోనే కూర్చుంటాడు. ఏ అంకె తగ్గితే కలెక్టరుకు మాట వస్తుందో ఆ అంకెను కట్టేది సీపీఓ ఆఫీసే. ఎవరి నిజాయితీనీ శంకించి ఈ మాట అనడం లేదు. నిజాయితీపరుణ్ణి అలాంటి కుర్చీలో కూర్చోబెట్టడం ఆయనకే అన్యాయం. గణాంక శాఖ సిబ్బందిని జిల్లా రివ్యూల నుంచి తప్పించి, వాళ్ల బదిలీలు, మార్కులు జిల్లా యంత్రాంగానికి సంబంధం లేనిచోట పెట్టాలి. పంట కోత ప్రయోగం ఏ తేదీన, ఏ సర్వే నంబరులో జరుగుతుందో ముందుగా రైతు సేవా కేంద్రంలో అతికించాలి. తూకం రాసిన కాగితం నకలు రైతు చేతికివ్వాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

టీ తాగాక ఆ అమ్మాయి ఫోన్ తీసి తూకం ఫొటో నాకు చూపించింది. 2 కిలోల 900 గ్రాములు. ఎంత తూగిందో అంతే ఎక్కించింది. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ ఉందట. అంతలోపు ఇంకో సర్వే నంబరులో కోత ఉంది. ఎండ ముదరకముందే పూర్తి చేయాలని టేపు, మేకులు సంచిలో వేసుకుని బండి తీసింది.